చిన్న చేపల మీద దయ

రాక్షస నామ సంవత్సరం, మాఘమాసం. ముక్కుదిబ్బ పల్లెవాళ్ళకి నాలుక చేప కరువై అది మూడో ఏడు. చెప్పు అట్టలా పల్చగా, ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగలో ఇసుకని కరుచుకుని బతికే చేప అది. ఆ పల్లె పొయ్యిలు దాని మీదే వెలిగేవి.

పల్లె అంతా ఉమ్మడిగా లాగే పెద్ద వలకి ఎల్లాజీ పెద్ద. సూరిదాసుకి శిష్యుడు. జీవుల మీద దయ ఉండాలని గురువు ఎప్పుడో అన్న మాట పట్టుకుని, నాలుగేళ్ళ కిందట పల్లెకి ఒక కట్టుబాటు పెట్టాడు. జానెడు పొడుగు లేనిది పిల్ల చేప, దాన్ని నీళ్ళలో వదిలెయ్యాలి. అందరూ ఒప్పుకున్నారు, ముసలి ఓలమ్మ తప్ప.

ఆ రోజు ఎల్లాజీ మండిపడుతూ గురువు పాకకి వచ్చాడు.

"గురువా, ఓలమ్మ ఇంటిని వెలెయ్యాల. దాచి దాచి చిన్నయి తింటంది. ఆ పాపమే మన వలకి తగిలింది. నువ్వు ఊఁ అను, చాలు."

సూరిదాసు బుట్ట అల్లుకుంటున్నాడు. "ఇయ్యాల ఏటి పడ్డాయి?"

"పదకొండు. అన్నీ చిన్నయే. మళ్ళీ ఏట్లో ఒగ్గెయ్యడానికి తీసుకెళ్తన్నాను."

"ఇలా తే."

నీళ్ళ కుండలోంచి ఒక చేపని తీసి, కడుపు కింద బొటనవేలితో మెల్లగా నొక్కాడు. తెల్లటి పాలచుక్క వచ్చింది. దాన్ని ఎల్లాజీ అరచేతిలో రాశాడు. రెండో చేపకీ అంతే.

"పిల్లలకి ఇది ఉంటదా?"

"ఉండదు." ఎల్లాజీ గొంతు తగ్గింది. "ఈడొచ్చిన మగదానికే ఉంటది."

"అయితే గుడ్లున్నది ఒకటి ఏరు."

పల్చటి చేప; ఎండకి పట్టి చూస్తే గుడ్ల తిత్తి నీడలా కనిపిస్తుంది. ఎల్లాజీ పదకొండూ చూశాడు. కుండలో వేసి మళ్ళీ మొదటినుంచీ చూశాడు. ఒక్కదాన్లోనూ తిత్తి లేదు.

"ఆడయి ఎంత పొడుగుంటాయిరా?"

ఆడవి జానెడుకి పైనే ఉంటాయని ఎల్లాజీకి తెలుసు. గుడ్లతో బరువెక్కిన పొడుగు చేపల్ని ఏరి, బాలింతలున్న ఇళ్ళకి పంచింది తనే. పిలిచి మరీ పంచాడు.

"ఓలమ్మ చెప్పింది" అన్నాడు చివరికి. "పొట్టియి తినండి, పొడుగుయి ఒగ్గండి అంది. ముసల్దానికి తిండియావ అని నవ్వేం."

సూరిదాసు మళ్ళీ బుట్ట అందుకున్నాడు.

కుండలో చేపలు అడుక్కి అంటుకుపోయి ఉన్నాయి. ఎల్లాజీ వాటినే చూస్తూ అడిగాడు.

"మరి ఈటిని ఏటి చెయ్యమంటావు గురువా? ఒగ్గెయ్యనా?"

"ఒగ్గితే ఎవర్ని ఎతుక్కుంటాయి?"

ఉగాది వెళ్ళేలోపు పదిహేడు ఇళ్ళవాళ్ళు పారాదీప్ రేవుకి కూలికి తరలిపోయారు. పెద్ద వలని ముక్కలుగా కోసి పంచుకున్నారు.