మందారానికి తగిలిన దిష్టి

అనగా అనగా ఒక పట్నం. ఆ పట్నంలో ఒక సందు, సందు చివర ఒక డాబా, ఆ డాబా మీద రెండు గదుల వాటా. ఆ వాటాలో అలివేణి అని ఎనిమిదేళ్ళ పిల్ల ఉండేది. అచ్చం నీలాగే, కథ వింటూ కాళ్ళు ఆడించేది. ఆడించకు మరి, దుప్పటి జారిపోతోంది.

ఆ పిల్లకి అమ్మ, నాన్న, సూరమ్మ అని ఒక నాన్నమ్మ. ఆ తర్వాత ఒక తమ్ముడు పుట్టాడు. ఇరవై ఒకటో రోజున బారసాల చేసి మణికంఠ అని పేరు పెట్టారు. ఆ రోజే వాళ్ళ మావయ్య ఒక ముద్దమందారం మొక్క తెచ్చి, కుండీలో నాటి, పిట్టగోడ పక్కన పెట్టాడు. మేనల్లుడూ ఇదీ పోటీపడి పెరగాలి అన్నాడు. అన్నవాడు సరదాకే అన్నాడు. సూరమ్మ మాత్రం ఆ మాటని మనసులో ముడేసుకుంది.

ఆ రోజు ఇంటినిండా చుట్టాలే. అందరూ ఉయ్యాల చుట్టూ మూగారు. అలివేణి కొత్త పరికిణీ కట్టుకుని నిలబడితే పలకరించిన నాథుడు లేడు. అప్పుడు అది పెద్దవాళ్ళ సందుల్లోంచి దూరి తమ్ముణ్ణి చూసింది. వాడు బొద్దుగా, పిడికిళ్ళు బిగించుకుని పడుకున్నాడు. వీడు నాకంటే ఎంత బాగున్నాడో అనుకుంటూ చాలాసేపు చూసింది. కడుపులో కాస్త కుళ్ళు కూడా పుట్టింది. ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

చుట్టాలు వెళ్ళాక పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. సూరమ్మ గుప్పిట్లో రాళ్ళుప్పు పట్టుకుని వాడి చుట్టూ మూడుసార్లు తిప్పింది. ఊరి దిష్టి, వీధి దిష్టి, ఇంటివాళ్ళ దిష్టి అంటూ తిప్పింది. ఆ తర్వాత ఉప్పుని చెంబునీళ్ళలో కలిపింది. ఆ నీళ్ళు ఎవరూ తొక్కని చోట పొయ్యాలి. డాబా మీద తొక్కని చోటు ఎక్కడుంటుంది చెప్పు? కిందకి పోస్తే కింద వాటా ఆవిడ ఊరుకోదు. సూరమ్మ అటూ ఇటూ చూసి, మందారం కుండీలో పోసేసింది.

అలివేణికి మాత్రం ఆ చివరి మాట చెవిలో పడింది. ఇంటివాళ్ళ దిష్టి. అంతమందిలో వాణ్ణి అంతసేపు చూసింది ఎవరు? తనే కదా.

రోజూ దీపాలవేళ ఉప్పు తిప్పడం, చెంబు తీసుకెళ్ళి కుండీలో పొయ్యడం అలవాటైపోయింది. పది రోజులు తిరిగేసరికి మందారం ఆకుల అంచులు మాడాయి. అప్పుడు ఆకులన్నీ తలలు వాల్చేశాయి. సూరమ్మ అది చూసి నిలుచున్నచోటే కూలబడింది. మొక్కకి ఇలా అయిందంటే పిల్లాడికి ఏదో మూడబోతోందని గొణిగింది. అమ్మ ఆ మాట అనొద్దని కసిరింది గానీ, ఆ పూట అమ్మకి కూడా అన్నం సయించలేదు.

అప్పటినుంచి సూరమ్మ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి దిష్టి తీసింది. మొక్క ఎంత వాడితే అంత భయం. ఎంత భయం వేస్తే అంత ఉప్పు.

ముందు నాన్న వచ్చి చూశాడు. దాహమేమో అని బిందెడు నీళ్ళు పోశాడు. మర్నాడు మట్టి తడిగానే ఉంది, ఆకులు మాత్రం వేలాడుతూనే ఉన్నాయి. ఆ తర్వాత అమ్మ చూసింది. ఎండ ఎక్కువైందేమో అని కుండీని గుమ్మం పక్క నీడలోకి జరిపింది. నీడలోనూ రెండు ఆకులు రాలాయి. ఆ తర్వాత కింద వాటా ఆవిడ పైకొచ్చింది. పురుగేమో అని ఒక్కో ఆకూ తిరగేసి చూసింది. పురుగూ లేదు, పుట్రా లేదు. అయినా ఉత్తచేతులతో వెళ్ళడం ఎందుకని గుప్పెడు బూడిద చల్లిపోయింది.

దాహం కాదు, ఎండ కాదు, పురుగు కాదు, ఇదంతా తన కళ్ళ పనేనని అలివేణికి తెలుసు. అందుకని తమ్ముడివైపు చూడటం మానేసింది. ఉయ్యాల ఊపమంటే మొహం గోడవైపు తిప్పుకుని ఊపేది. తమ్ముడంటే పడటం లేదు దీనికి అని అమ్మ కోప్పడింది. అదెంత కుమిలిపోయిందో ఎవరికీ తెలీదు. ఎలా చెబుతుంది పాపం?

రోజూ నిద్రలేవగానే కుండీ దగ్గరికెళ్ళి ఆకులు లెక్కపెట్టేది. ఒకనాడు పదకొండు. ఆ తర్వాత ఏడు. ఆ తర్వాత మూడే. మూడూ రాలిపోతే తమ్ముడు ఉండడని దాని లెక్క.

ఆ మూడు ఆకులనాడే సందులో మొక్కల బండి కేక వినిపించింది. గంగరాజు అని, వారానికోసారి పూలమొక్కలు తోపుడుబండి మీద వేసుకుని తిరిగేవాడు. అలివేణి చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి పరుగెత్తింది.

"బాబాయ్, మా మొక్క చచ్చిపోతే మా తమ్ముడు కూడా చచ్చిపోతాడు. ఒక్కసారి వచ్చి చూడవా," అంది.

గంగరాజు బండి ఆపాడు. చక్రం కింద రాయి పెట్టి, పైకి వచ్చాడు. ఇంట్లో అందరూ కుండీ చుట్టూ చేరారు. గంగరాజు మందారం కొమ్మని పైన గోటితో గీకాడు. లోపలంతా ఎండిపోయి గోధుమరంగు. నడిమిన గీకాడు. అక్కడా అంతే. అప్పుడు వంగి, మట్టికి జానెడు ఎత్తులో గీకాడు. సన్నగా, తడిగా, పచ్చటి గీత కనబడింది.

ప్రాణం ఉంది అన్నాడు. ఆ తర్వాత బూడిద పక్కకి తోసి చూస్తే, మట్టి మీద తెల్లగా అట్టకట్టి ఉంది. చిటికెడు తీసి నాలిక చివర పెట్టుకుని, పక్కకి ఉమ్మేశాడు. ఇంత ఉప్పు ఎవరు పోశారమ్మా అని అడిగాడు. మట్టిలో ఉప్పు చేరితే చుట్టూ నీళ్ళున్నా వేరు తాగలేదట. తడిలో నిలబడి దాహంతో ఎండిపోతుందట.

సూరమ్మ మొహం పాలిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు అలివేణి బావురుమంది.

"నాన్నమ్మ తప్పు కాదు. వాణ్ణి చూసింది నేనే. ఆ దిష్టి నాదే," అంది.

అమ్మ దాన్ని దగ్గరికి లాక్కుంది. ఇన్నాళ్ళూ గోడవైపు ఎందుకు తిరిగిందో అప్పుడు తెలిసొచ్చి, తనూ ఏడ్చింది.

గంగరాజు కుండీ బోర్లించి మొక్కని బయటికి తీశాడు. వేళ్ళని మూడు బకెట్ల మంచినీళ్ళలో ఒకదాని తర్వాత ఒకటిగా కడిగాడు. కుళ్ళిన వేళ్ళు కోశాడు, ఎండిన కొమ్మలు కత్తిరించాడు. కుండీ కూడా కడిగి, అడుగున మూసుకుపోయిన చిల్లి పొడిచి, బండి మీది కొత్త మట్టి పోసి నాటాడు. నీడలో ఉంచండి, పైమట్టి ఆరితేనే నీళ్ళు పొయ్యండి, ఉన్న ఆకులు రాలినా కంగారుపడొద్దు అని చెప్పి వెళ్ళాడు. కంగారుపడొద్దంటే ఆగుతుందా కంగారు?

ఒక ఆకు రాలింది. మర్నాడు ఇంకొకటి. మూడోనాడు తెల్లవారగానే అలివేణి వెళ్ళి చూస్తే, మొక్క మోడై నిలబడి ఉంది. లోపలికి పరుగెత్తుకొస్తే, సూరమ్మ అప్పటికే ఉయ్యాల దగ్గర నిలబడి ఉంది. ఆవిడా మోడుని చూసే వచ్చింది. ఉయ్యాలలో అలికిడి లేదు. లోపలికి తొంగిచూసే ధైర్యం ఇద్దరికీ లేదు.

"నువ్వు చూడవే," అంది సూరమ్మ.

"నేను చూడకూడదు నాన్నమ్మా. నువ్వే చూడు," అంది అలివేణి.

అంతలో ఉయ్యాలలోంచి తుమ్ము వినిపించింది. ఆ తర్వాత ఇంకో తుమ్ము. ఆ తర్వాత ఆకలేసిన ఏడుపు, పై వాటా కింద వాటా ఏకమయ్యేటంత ఏడుపు. సూరమ్మ ఉయ్యాల తాడు పట్టుకుని అలాగే నేలమీద కూర్చుండిపోయింది. చెట్టుకి ఒక్క ఆకు లేదు, పిల్లాడు నిక్షేపంలా ఉన్నాడు. ఆ పూట ఆవిడ దిష్టి తియ్యలేదు. ఆ మర్నాడూ తియ్యలేదు.

పన్నెండో రోజున, జానెడు ఎత్తులో గంగరాజు గీకిన చోటికి కాస్త కింద, బియ్యపుగింజంత పచ్చటి చిగురు కనబడింది. ముందు చూసింది సూరమ్మే. ఆవిడ ఎవరినీ కేకెయ్యలేదు. లోపలికెళ్ళి, పిల్లాణ్ణి ఎత్తుకొచ్చి, గుమ్మంలో కూర్చుని, అలివేణిని పిలిచింది. అది తలవంచుకుని వచ్చింది. సూరమ్మ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, తమ్ముణ్ణి దాని ఒళ్ళో పెట్టింది.

"నీ కళ్ళల్లో ఏ దోషమూ లేదే తల్లీ. భయం నాది, ఉప్పు పోసిన చెయ్యీ నాదే," అంది. "చూసుకో. తనివితీరా చూసుకో."

అలివేణి మెల్లగా తలెత్తింది. వాడికి పాలబుగ్గలు వచ్చాయి, కనుబొమలు వచ్చాయి. ఇన్ని రోజుల్లో వాడెంత పెరిగాడో దానికి అప్పుడే తెలిసింది. అన్నానికి రమ్మని అమ్మ రెండుసార్లు పిలిచింది. అది లేవలేదు, సూరమ్మ లేపనూ లేదు.

కథ కంచి దారి పట్టింది,
నా చిట్టి కంటికి కునుకు పట్టింది.