చెయ్యి కింద చెయ్యి

"'మొహం చూసి చెప్పకు, రక్తం చూసి చెప్పు.' ఈ మాట ఎవరిదండీ మేడమ్? మీదే కదా. చూశాను. రక్తం బాగుంది. ఇంకేం కావాలి మీకు?"

ఇమ్మానియేలు గొంతు లేపాడు. వహీదా మేడమ్ కళ్ళజోడు కొంగుతో తుడుచుకుంటా ఉంది.

"నా మాట నాకే అప్పజెప్పేంత పెద్దోడివయ్యావు నాన్నా," అంది. "సంతోషం."

"మాట మార్చకండి."

అదొక చిన్న లాబు. ఆ చుట్టుపక్కలంతా పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్లు. అక్కడ పనిచేసేవాళ్ళ రక్తం ఇక్కడికే వస్తుంది. ఒంట్లో సీసం చేరితే రక్తంలో ఒక ఎంజైము మందగిస్తుంది. అది ఎంత మందగించిందో చూసి, సీసం ఎంత చేరిందో అంచనా వేస్తారు. ఆ పరీక్ష మేడమ్ నేర్పింది. ఇప్పుడు ఆవిడకంటే ఇమ్మానియేలే బాగా చేస్తాడు. ఆ సంగతి ఆవిడే అందరికీ చెప్తుంది. దాంతో వాడికి కాస్త తలకెక్కింది కూడా.

గొడవంతా ఏడుకొండలు గురించి. పోయినసారి అతని ఎంజైము బాగా పడిపోయింది. మేడమ్ చీటీ రాసి బట్టీ దగ్గర్నుంచి తప్పించి గేటు దగ్గర కూర్చోబెట్టించింది. అప్పట్నుంచీ తోటివాళ్ళు అతన్ని పేరు పెట్టి పిలవటం మానేశారు. "ఏం పెళ్ళికొడకా, కుర్చీ బాగుందా?" అంటారు. అతనికి మళ్ళీ బట్టీకి పోవాలని ఉంది. ఈసారి పరీక్షలో ఎంజైము మామూలుగా వచ్చింది. ఫిట్ అని మేడమ్ సంతకం పెడితే రేపే పోతాడు.

మేడమ్ పెట్టట్లేదు.

"సీసానికి దూరంగా ఉన్నాడు, ఒళ్ళే బాగుచేసుకుంది," అన్నాడు ఇమ్మానియేలు. "మనిషి బాగుపడ్డాడంటే నమ్మరేంటండీ మీరు?"

మేడమ్ కిటికీలోంచి బయటికి చూసింది. బల్ల మీద ఏడుకొండలు, అతని భార్య నాంచారమ్మ కూర్చుని టీ తాగుతున్నారు. అతను ఎడం చేత్తో తాగుతున్నాడు. కుడి చెయ్యి తువ్వాలు కింద ఉంది.

"లోపలికి రమ్మను," అంది.

వచ్చారు. మేడమ్ ముందు నాంచారమ్మతో మాట కలిపింది.

"మీ ఆయన తేరుకున్నాడంటున్నాడు మావాడు. ఏం పెడుతున్నావమ్మా?"

నాంచారమ్మ మొహం వెలిగింది. "బలానికి బిళ్ళలు ఇస్తన్నానండి. మా పిల్లోడికి విరేచనాలైతే ఆశా వర్కరమ్మ ఇచ్చింది. నాలుగు పూటల్లో లేచి గంతులేశాడు. వాడికే అంత బలం ఇస్తే ఈయనకివ్వదా అని, మా ఆడపడుచు ఇంట్లో మిగిలినయ్యి, ఎదురింట్లో మిగిలినయ్యి అన్నీ అడిగి తెచ్చా. పొద్దున ఒకటి, మాపు ఒకటి, చెంచాడు నీళ్ళల్లో కరిగించి."

"చంటిపిల్లోడికి పోసినట్టు పోస్తదండి," అన్నాడు ఏడుకొండలు. "ముక్కు మూసి మరీ."

"మూయకపోతే మింగుతావా నువ్వు?"

ఆమె సంచిలోంచి బిళ్ళల అట్ట తీసి చూపించింది. ఇమ్మానియేలు చదివాడు. జింకు.

అట్ట తిప్పి మళ్ళీ చదివాడు. ఆ ఎంజైము నడవాలంటే జింకు కావాలి. సీసం పడుకోబెట్టినా, జింకు ఎక్కువగా అందితే లేచి కూర్చుంటుంది, సీసం మాత్రం ఒంట్లోనే ఉంటుంది. ఆ ముక్క వాడు చదువుకున్నాడు. కానీ ఓడిపోవటం ఇష్టం లేదు.

"అయితే ఏమైందండీ?" అన్నాడు. "జింకే లేపిందనుకుందాం. ఎట్టా లేస్తే ఏంటి? లేచిందా లేదా?"

మేడమ్ ఏడుకొండలు వైపు తిరిగింది.

"ఏడుకొండలూ, కుడి చెయ్యి ఇటివ్వు బాబూ."

అతను భార్య వైపు చూశాడు. తువ్వాలు కదల్లేదు.

"ఏం చెయ్యనులే. ఇవ్వు."

మెల్లగా తీశాడు. తీస్తుండగానే మేడమ్ తన అరచెయ్యి అతని అరచేతి కింద పెట్టి ముందుకు చాపించింది.

"ఇమ్మూ, చెయ్యి ఎట్టా ఉంది?"

"తిన్నగా ఉందండి."

"రాసుకో."

ఎందుకో అర్థం కాకపోయినా వాడు పెన్ను తీశాడు. అప్పుడు మేడమ్ తన చెయ్యి తీసేసింది.

ఏడుకొండలు చెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది. లేపబోయాడు. మోచెయ్యి లేచింది, వేళ్ళు మాత్రం కిందికే చూస్తున్నాయి.

సీసం నరాలకి ఎక్కితే మణికట్టు ఇట్టాగే వాలిపోతుంది. రక్తం తీసేటప్పుడు ఇమ్మానియేలు ఆ చేతి మోచేతి మడత వరకే చూశాడు.

"నిద్దర్లో నొక్కుకుందండి," అన్నాడు ఏడుకొండలు, నవ్వబోతా. "గేటు దగ్గర కర్ర పట్టుకుంటే ఎవరికీ తెలవదు."

నాంచారమ్మ ఆ చెయ్యి చూసి అట్ట చూసింది. "నేనే ఏమన్నా చేశానాండి?"

"నువ్వు మనిషిని చూసుకున్నావమ్మా, అంతే," అంది మేడమ్. "పిల్లల బిళ్ళలు పిల్లలకే ఉంచు. దీనికి మందు వేరే ఉంది, నేనిప్పిస్తా."

ఇమ్మానియేలు రాసింది కొట్టేశాడు. ఈసారి సీసాన్నే నేరుగా కొలిచే పరీక్షకి పంపటానికి కొత్త ట్యూబు తెచ్చాడు. ఏడుకొండలుకి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మరి నా బట్టీ సంగతి?"

"ఇంకొన్నాళ్ళు పెళ్ళికొడుకువే అన్నా."

ఏడుకొండలు తల దించుకున్నాడు. నాంచారమ్మ తువ్వాలు సర్ది అతని భుజం మీద వేసింది.

రక్తం తీయటం అయిపోయింది. దూది పెట్టాడు, ట్యూబు పక్కన పెట్టాడు. అప్పుడు చూసుకున్నాడు, తన ఎడం అరచెయ్యి ఇంకా ఏడుకొండలు కుడి చెయ్యి కిందే ఉంది. ఎప్పుడు పెట్టాడో వాడికే తెలీదు. మేడమ్ చూసి, చూడనట్టు కళ్ళజోడు తుడుచుకుంటా ఉంది.

పని అయిపోయింది కదా, తీసేయొచ్చు. వాడికి తీయబుద్ధి కాలేదు.

మీకైతే అవుతుందా?