పాతర నోటికాడ తిప్పక్క

ఊ కొడితేనే చెప్తా. ఊ కొట్టనోళ్ళు పోయి పడుకోండి, నాకేం బాధ లేదు.

అనగనగా అంటే ఎప్పుడని అడగొద్దు. మా అవ్వకు వాళ్ళవ్వ చెప్పింది, ఆమెకెవరు చెప్పినారో ఆమెకే తెలీదు. ఎర్రనేల, నల్లనేల కలిసేకాడ ఒక ఊరు. ఆ ఊర్లో తిప్పక్క, ఆమెకు గిడ్డయ్య అని ఒక అన్న. అమ్మా నాయనా గత్తర రోగమొచ్చి పోతే, గిడ్డయ్యే చెల్లెలిని చంకనేసుకోని పెంచినాడు.

ఆ ఊర్లో ప్రతోళ్ళకూ ఒక పని వచ్చు. తిప్పక్కకు ఏ పనీ రాదు. రాదంటే రాదు! గంపలల్లను పోయింది, అల్లిన గంపలో గింజ నిలవలేదు. కుమ్మరింటికి పోయింది, చేసిన కుండ ఆరకముందే పగిలింది. కలుపు తీయను పోయింది, కలుపుతోపాటు పైరూ పీకింది. మూడుచోట్లా తరిమినారు.

ముక్కు ఒకటి మాత్రం ఉన్నింది మహాతల్లికి. పెండ్లింట్లో వాకిట్లో కూచోని, "పప్పు అడుగంటతాంది" అంటుంది. వంటోళ్ళు కలబెట్టి చూస్తే నిజమే. మెచ్చుకుంటారా? "నీకెందుకే, అవతలికి పో" అని గరిటె చూపిస్తారు. పక్కింట్లో పాలు విరగబోతాండాయంటే, "నీ దిష్టే తగిలింది" అని తిడతారు. ముక్కు తిప్పక్క అని పేరే పెట్టేసినారు.

ఆమె రోజూ పొద్దున లేచి సూర్యునికి చేతులెత్తి ఒకే మాట అడిగేది. "అందరికీ ఏదో ఒకటిచ్చి పంపితివి కదా సామీ, నాకేమిచ్చినావు?"

సామి పలికితే కదా! చిన్నగా ఆమే ముక్కు మూసుకోని, నోరు మూసుకోని బతకడం నేర్చుకునింది.

అట్లుండగా కరువొచ్చింది. ఒక ఏడు వాన లేదు. రెండో ఏడూ లేదు. మూడో ఏటికి చింతచిగురు కూడా మిగల్లేదు. ఊర్లో ఉన్నిందల్లా రెడ్డి పాతర ఒకటి. పాతరంటే మీకు తెలీదులే. నేలలో నిలువెత్తు గొయ్యి తవ్వి, జొన్నలు పోసి, నోటికి బండేసి, బంకమట్టి మెత్తేవాళ్ళు. ఎన్నేండ్లయినా గింజ చెడదు. లోపల గాలి మాత్రం చెడిపోతుంది. తెరిచిన ఎంటనే దిగినోడు దిగినట్లే పోతాడు. ఎన్నాళ్ళు ఆగాలో ఎవరికీ తెలీదు. ఒకరు ఒక రోజు ఆగేవాళ్ళు, ఒకరు రెండు రోజులు. బతికితే దేవుని దయ, పోతే పాతర దయ్యం పట్టిందని కోడిని కోసి ఊరుకునేవాళ్ళు.

రెడ్డి పాతర పొద్దున తెరిచినారు. మధ్యాన్నానికే ఊరంతా గంపలతో చేరింది. ఆకలి రుచెరగదంటారు. భయం కూడా ఎరగదు నాయనా.

"నేను దిగుతా" అని గిడ్డయ్య పంచె ఎగ్గట్టినాడు.

తిప్పక్కకు వాసనొచ్చింది. మగ్గిన జొన్నల వాసన అందరికీ వస్తాంది. దాని కింద ఇంకొకటి, పులిసినట్లు, గొంతు పట్టుకునేది, ఆమెకొక్కదానికే వచ్చింది. అన్న చెయ్యి పట్టుకునింది.

"అన్నా..."

"మళ్ళా ముక్కు కథ మొదలుపెట్టొద్దే" అన్నాడు గిడ్డయ్య మెల్లగా. "రెడ్డి ముందర నవ్వులపాలు చేయొద్దు. ఈ ఒక్కదినం నోరు మూసుకో తల్లీ, రాత్రికి సంగటి తిందాం."

ఆమె నోరు మూసుకునింది.

గిడ్డయ్య దిగినాడు. పిలిస్తే పలకలేదు. అతన్ని తీసుకొస్తానని ఇంకొకడు దిగినాడు. పలకలేదు. ఆ ఇద్దర్నీ తీసుకొస్తానని మూడోవాడు దిగినాడు. వాడూ కిక్కురుమనలేదు. కొక్కేలేసి ముగ్గుర్నీ పైకి లాగినారు. తాడిచెట్టంత మనిషి గిడ్డయ్య, ఒళ్ళంతా జొన్నలు అంటుకోని పడున్నాడు.

తిప్పక్క నెత్తీ నోరూ కొట్టుకునింది. "నాకు వాసనొచ్చింది! నాకు తెలుసు! తెలిసీ నోరు మూసుకుంటిని!"

రెడ్డి ఉరిమినాడు. "తెలిసీ చెప్పలేదా? ముగ్గుర్ని పొట్టన పెట్టుకుంటివి కదే!"

"చెప్తే వింటుంటివా రెడ్డీ?"

రెడ్డి తలగుడ్డ తీసి పక్కకు తిరిగినాడు.

అన్నను మట్టి చేసి, స్నానమైనా చేయకుండా తిప్పక్క తిరిగొచ్చి పాతర నోటికాడ కూచునింది. వంగి వాసన చూసింది. "వద్దు" అనింది. రెండో దినం చూసింది. "వద్దు" అనింది. పిల్లలు ఏడుస్తాన్నా వద్దనే అనింది. మూడో దినం చూసి, "దిగండి" అనింది. దిగినారు, నిండు గంపలతో పైకొచ్చినారు. ఊరంతా సంగటి తినింది. తిప్పక్క తినలేదు. మా అన్నను మింగిన పాతరది నాకొద్దు అనింది.

అప్పట్నుంచి ఎక్కడ పాతర తెరిచినా ఆమెకే పిలుపు. ముక్కు తిప్పక్క పోయి తిప్పక్కమ్మ అయింది. ఆమె దిగమంటే దిగేవాళ్ళు, వద్దంటే ఆగేవాళ్ళు. ఆమె కూచున్న పాతరలో ఒక్క పాణమూ పోలేదు.

"దేవుడు నీకేమిచ్చినాడో తెలిసింది కదమ్మా" అనేవాళ్ళు జనం.

"ఇచ్చినాడులే" అనేది తిప్పక్క. "పుట్టిన్నాడే ఇచ్చినాడు. మా అన్న పోయినాక గాని నేను చూసుకోలేదు."

ఏండ్లు గడిచినాయి. తల నెరిసింది. ఒక ఏడు చలిజ్వరం పట్టి నెల దినాలు మంచాన పడేసింది. లేచినాక చూసుకుంటే ముక్కు పనిచేయలేదు. ఉల్లిగడ్డ నలిపి పెట్టుకున్నా వాసన లేదు.

"సామీ, ఇచ్చిందీ నువ్వే, తీసుకునిందీ నువ్వే. ఇంక నన్నెందుకు పెట్టుకున్నావు?" అని ఏడ్చింది.

ఆ ఏడే మళ్ళా కరువు. పక్కూరోళ్ళు వచ్చి ఆమెను ఎద్దుల బండిలో తీసుకపోయినారు. పాతర తెరిచుంది. చుట్టూ పిల్లలు, పొట్టలు ఉబ్బి, కండ్లు లోపలికి పోయి. ఇద్దరు పిల్లలు ఆ పొద్దున్నే పోయినారంట. తిప్పక్క వంగి చూసింది. ఏమీ లేదు. మళ్ళా చూసింది. ఏమీ లేదు.

"నాయనా, నాకు తెలీడం లేదు" అనింది. "జ్వరంలో నా ముక్కు పోయింది. ఆగండి."

"ఎన్నాళ్ళు ఆగాలవ్వా?" అన్నాడు ఆ ఊరి తలారి కదిరప్ప. "నా బిడ్డ సాయంత్రందాకా ఉంటాదో ఉండదో. దిగమని ఒక్కమాట అను. నేను దిగుతా."

తిప్పక్క పాతరను చూసింది, కదిరప్పను చూసింది. దిగమంటే వీడు పోతాడేమో. ఆగమంటే బిడ్డ పోతుంది.

"నువ్వెందుకురా? నేనే దిగుతా" అనింది. "తాడు నా నడుముకు కట్టండి. మాట్లాడుకుంటా దిగుతా. మాట ఆగితే లాగండి, ఇంకెవరూ దిగొద్దు. ఒక దీపమియ్యండి, నాకు కండ్లు కూడా సరిగా కనపడవు."

కదిరప్ప కాళ్ళు పట్టుకున్నాడు. "వద్దవ్వా, నీకేమన్నా అయితే ఊరికి పాపం."

"నోరు మూసుకోని ఒకసారి పాపం చేసినదాన్నే నేను. లెయ్యి."

దించినారు. ముసలామె తిట్టుకుంటా, దగ్గుతా దిగింది. పైనుంచి అందరూ వంగి దీపాన్ని చూస్తాండారు. దీపం చిన్నదయింది. ఇంకా చిన్నదయింది. మలిగిపోయింది.

"దీపం మలిగిందిరా" అని చీకట్లోంచి కేక. "నాకింకా బాగనే ఉంది... దీపం నాకంటే ముందే... కదిరప్పా, దీపాన్ని చూసుకోండిరా, దీపాన్ని..."

మాట ఆగిపోయింది.

బిరబిరా లాగినారు. ఏం లాభం? ఆకలికి ఎండిన పాణం, పైకొచ్చేసరికే పోయింది. మలిగిన దీపం మాత్రం గుప్పిట్లోనే ఉన్నింది.

కదిరప్ప ఏడ్చుకుంటానే ఆ దీపం మళ్ళా ముట్టించి తాడుకు కట్టి దించినాడు. మలిగింది. కొంతసేపాగి దించినాడు. మలిగింది. పొద్దు వాలేటప్పుడు మూడోసారి దించినాడు. దీపం నిలబడింది. దిగినారు, జొన్నలు తెచ్చినారు, కదిరప్ప బిడ్డ నోట్లో గంజి పోసినారు. బిడ్డ మింగింది.

ఇప్పుడు పాతరలు లేవు. పాడుబడిన బావుల్లో పూడిక తీసేటోళ్ళు మాత్రం మా దిక్కు ఈనాటికీ ముందు దీపాన్ని దించుతారు. దించి, "తిప్పక్కా, దిగమంటావా?" అని గట్టిగా అడుగుతారు. దీపం నిలబడితే దిగుతారు. మలిగితే, అవ్వ వద్దంటాంది అని తలగుడ్డలు తీసి గట్టున కూచుంటారు. ఎంత తొందరున్నా, ఎంత పెద్దమనిషి అరిచినా, మళ్ళా దీపం నిలబడేదాకా ఒక్కడూ కాలు లోపల పెట్టడు.