అవతలి ఒడ్డుకు దళారీ

నక్కకూ నాకలోకానికీ ఎంత దూరమో మనందరికీ తెలుసు. తెలియనిదల్లా వాగుగట్టు నక్కకే. అది గట్టు మీద ఓ రాయికి పసుపు పూసి, పక్కనే కళ్లు మూసుకు కూర్చుని, వచ్చేపోయే జంతువులకు పైలోకం కబుర్లు చెప్పేది. విన్నందుకు కొంగ ఓ చేపను, పిల్లి ఓ ఎలకను సమర్పించుకునేవి. అలా నక్కకు పుణ్యమూ వచ్చేది, పొట్టా నిండేది.

ఆ రాయికి మొక్కనిది ఒక్క ముసలి కర్రెద్దే. దుక్కికి పనికిరాదని ఆసామి దాన్ని కట్టెయ్యడం కూడా మానేశాడు. వాగుకొచ్చి నీళ్లు తాగి, కాసేపు అవతలి ఒడ్డుకేసి చూసి వెళ్లిపోయేది.

"ఏం బావా, దేవుడికో దణ్ణం పెట్టవేం?" అంది నక్క ఓరోజు.

"ఉన్నాడనిపిస్తే పెడుదును బావా. నాకు అనిపించలేదు."

"మరి రోజూ అటు చూసేదెవర్ని?"

కర్రెద్దు చెవులు వాల్చేసింది. "నా జతగాడు మైలెద్దుని. పోయిన వేసవిలో పోయాడు. ఎక్కడో ఉన్నాడనిపిస్తుంది. నేనూ పోయాక కలిసి, వాడికో మాట చెప్పాలి."

నక్క పడీపడీ నవ్వింది. "దేవుడు లేడట, పైలోకం మాత్రం ఉందట! ఆసామి లేని కొట్టం ఎక్కడైనా ఉంటుందా, పిచ్చి బావా?"

"ఈ వాగుకు ఆసామి ఎవడు? అయినా అవతలి ఒడ్డు లేదూ? పడవవాణ్ణి నేను నమ్మనంత మాత్రాన ఒడ్డు మునిగిపోతుందా?"

వాదనలో ఓడినప్పుడు భయపెట్టడం నక్కకు అలవాటు. "ఒడ్డుందిలే. నిన్ను చేరనివ్వాలిగా? పొద్దున ధ్యానంలో మైలెద్దు కనబడ్డాడు. 'నా జతగాణ్ణి గేటు దగ్గరే ఆపేస్తారట' అని బావురుమన్నాడు."

కర్రెద్దు నక్క దగ్గరికి రెండడుగులు వేసింది. "దీనికి విరుగుడు లేదా?"

"ఉంది. వాకిట్లో వడ్లు ఎండబోశారని కోళ్లను కొట్టంలో పెట్టి మూశారుగా? రేపు మధ్యాహ్నం ఆసామీ కుక్కా పొలం వెళ్లాక, ఆ గడియ నీ కొమ్ముతో ఎత్తు. నా నోట పడ్డ కోడి సరాసరి స్వర్గానికే. ఇదివరకు తిన్నవన్నీ అక్కడే హాయిగా ఉన్నాయి. ఈసారి తినేవాటితో నీ సిఫార్సు కూడా పంపుతా."

ఆ సాయంత్రం కర్రెద్దు గడ్డి ముట్టలేదు. నక్క మాట అబద్ధమనే తెలుసు. కానీ ఒకవేళ నిజమైతే? మైలెద్దు మొహం ఇక చూడలేనేమో. మిట్ట ఎక్కేటప్పుడు మైలెద్దు ఎప్పుడూ ఓ అడుగు ముందుకేసి కాడి బరువు తన మెడ మీదకు లాక్కునేది. ఇప్పుడు తాను తన బరువు తెచ్చి కోళ్ల మెడ మీద పెట్టి ఆ ఒడ్డు చేరితే, వాడు తన మొహం చూస్తాడా?

కర్రెద్దు లేచి కోళ్ల కొట్టం తడిక దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

లోపలున్న చుక్కల పెట్ట అంతా విని, "మా వాళ్లందరూ అక్కడే ఉన్నారన్నాడా తాతా? అయితే రానీ. చూపిద్దాం" అంది.

మర్నాడు మధ్యాహ్నం గడియ లేచింది. నక్క లొట్టలేసుకుంటూ లోపల దూరింది. కొట్టమంతా చీకటి. పేలు పట్టకుండా ఆసామి పెళ్లాం పోసిన బూడిదలో కోళ్లన్నీ పొర్లి, తెల్లగా, కదలకుండా దండెం కర్ర మీద బారులు తీరి ఉన్నాయి.

"వచ్చావా నక్కబావా?" అంది వాటిలో ఒకటి మెల్లగా. "నువ్వు తిన్న కోళ్లమే. నువ్వన్నట్టు స్వర్గంలోనే ఉన్నాం. ఎప్పుడొస్తావా అని కళ్లల్లో వత్తులేసుకుని చూస్తున్నాం." కోళ్లన్నీ ఒక్కసారిగా దండేనికి ముక్కులు నూరుకున్నాయి.

"నేను... నేను పోయానా ఏంటి?" అంది నక్క వెనక్కి జరుగుతూ.

గుమ్మం బయట పక్కనుంచి కర్రెద్దు అంది: "నీకేం భయం బావా, భక్తుడివి. నిన్ను గేటు దగ్గర ఎవరూ ఆపరు."

నక్క ఒక్క గెంతులో గుమ్మానికి తల బాదుకుని, వాకిట్లో వడ్ల మీదుగా పరిగెత్తి, వాగులో పడి, పడవ లేకుండానే అవతలి ఒడ్డు చేరింది. మళ్లీ ఇటు రాలేదు.

సాయంత్రం కోళ్లన్నీ కర్రెద్దు చుట్టూ చేరాయి. "మా ప్రాణాలు నిలబెట్టావు తాతా. నీ మేలు ఈ జన్మకు మర్చిపోం" అంది చుక్కల పెట్ట. "ఇంతకీ మైలెద్దు తాతకు చెప్పాల్సిన మాటేంటి?"

"మిట్ట వచ్చినప్పుడల్లా నా వంతు బరువు కూడా నువ్వే మోశావురా అని. పక్కనే ఉన్నన్నాళ్లూ ఒక్కసారీ అనలేకపోయాను." కర్రెద్దు కళ్లు చెమ్మగిల్లాయి. "దేవుడున్నాడని నాకు అనిపించదమ్మా. కానీ దణ్ణం పెట్టాల్సినవాడు మాత్రం నాకొకడున్నాడు."

"మరి ఇప్పుడే చెప్పేయరాదూ? వింటాడేమో."

కోళ్లు వెంట రాగా కర్రెద్దు వాగుకు వెళ్లింది. పసుపు రాయి దాటి, నీళ్ల అంచున నిలబడి, ఎప్పటిలాగే పక్కన ఓ ఎద్దుకు సరిపడా చోటు వదిలి, ఏ రాయికీ వంచని మెడ వంచి ఆ మాట చెప్పింది.

నీతి: దేవుణ్ణి నమ్మనివాడికీ అవతలి ఒడ్డు మీద ఆశ ఉండొచ్చు, ఆ ఆశకు దళారీ అక్కర్లేదు.