ఇనుప పంజా బరువెంత?

మనుషుల పొలాలకు అవతల, వాగు వంపులో ఒక దొడ్డి ఉండేది. అక్కడ జంతువులే రైతులు, జంతువులే కూలీలు, తగువొస్తే పంచాయితీ చేసేదీ జంతువులే. వాటికొక బుల్లి ట్రాక్టరు కూడా ఉండేది. దాని ముందు బరువులెత్తే లోడరు, లోడరుకు మట్టి తోడే ఒక బకెట్టు. నడిపేవాడు మైలోడనే ముసలి ఎద్దు. ఏళ్ల తరబడి బండి లాగి మెడ కాయలు కాసినవాడు. నడక నిదానం, మాట నిదానం, తిండి దగ్గర మాత్రం నిదానమన్నది లేదు.

ఆ వేసవిలో ఒక్క చినుకు రాల్చకుండా గాలిదుమారం వచ్చిపడింది. గట్టు మీది సర్కారు తుమ్మలన్నీ విరిగి పంటకాలువలో కూలాయి. కాలువ నీళ్లు పదిహేను రోజులకోసారి వంతు ప్రకారం వస్తాయి. దొడ్డి వంతుకు ఇంకా నాలుగు రోజులే ఉంది. ఆ లోపల కంప తియ్యకపోతే నీళ్లు పక్క కాలువకు పోతాయి, పచ్చగడ్డి మడీ చెరకు తోటా మాడిపోతాయి, అందరికీ వేసవంతా పస్తులే. అందరికంటే ఎక్కువ తినేది తనే గనక మైలోడికి భయమూ అందరికంటే ఎక్కువే.

పొద్దుటినుంచి సాయంత్రం దాకా బకెట్టుతో తంటాలు పడ్డాడు. కంప ఒక మూల లేస్తే ఇంకో మూల జారేది. చీకటి పడేసరికి కాలువలో కంప కాలువలోనే ఉంది, మైలోడి తోలు నిండా ముళ్లున్నాయి.

"దీనికి బకెట్టు పనికిరాదయ్యా! గ్రాపుల్ కావాలి" అన్నాడు దొడ్డి పెద్ద, కోడిపుంజు పరంజ్యోతి. "పైనా కిందా ఇనుప వేళ్లుంటాయి. గుప్పిట్లో పట్టినట్టు పడుతుంది. వాగవతల నక్క నాగభూషణం అమ్ముతున్నాడు. కబురు పెట్టాను."

మర్నాడు నాగభూషణం రానే వచ్చాడు. వెనక రెండు గాడిదలు బండి లాక్కొచ్చాయి. బండి మీద నల్లగా నిగనిగలాడుతూ బ్రహ్మాండమైన ఇనుప పంజా. మేక చుక్కమ్మ నోట్లో గడ్డి నమలడం మర్చిపోయింది. పరంజ్యోతి రెక్కలు టపటప కొట్టుకున్నాడు. మైలోడు మాత్రం పంజాను చూడలేదు, గాడిదలను చూశాడు. రెండూ నురగలు కక్కుతున్నాయి.

"చూశారా పెద్దయ్యా, సరుకంటే ఇదీ!" అన్నాడు నక్క. "రాళ్ల క్వారీలో వాడేది. దీని నోట పడితే తాడిచెట్టైనా సరే, కదలదు. మీ హోదాకు చిన్నాచితకా పంజాలు నప్పుతాయా?"

"నప్పవు, నప్పవు" అన్నాడు పరంజ్యోతి వెంటనే.

"ఈ ఏటి చెరకులో సగం ఇప్పించండి. ఇంకేం అడగను."

"సగమా!" అంది చుక్కమ్మ.

"నీళ్లు రాకపోతే చెరకెక్కడిది చుక్కమ్మక్కా? సగం పోయినా సగం మిగుల్తుంది."

అప్పుడు మైలోడు నోరు విప్పాడు. "నాగభూషణం బావా, ఈ పంజా ఎంత బరువు?"

నక్క పకపకా నవ్వాడు. "ఎంత ఎత్తుతుందని అడగాలి గానీ ఎంత బరువని అడుగుతారా ఎవరైనా? మోసేది ట్రాక్టరు కదా మైలన్నా, నీకెందుకు నెప్పి?"

"అదే, ఎంతని?"

"బండి కాలం పోయిందన్నా. ఇంకా కాడి దగ్గరే ఆగిపోతే ఎట్టా?"

అందరూ నవ్వారు. మైలోడికి చెవులు వేడెక్కాయి. నిజంగానే నేను పాతబడ్డానా అని ఒక క్షణం బెంగ పడ్డాడు. కానీ ఖాళీ బండి బరువు కూడా తనే లాగాడు గదా, సరుకు బరువు ఆ తర్వాత సంగతి. అది మెడకు తెలుసు. ఎంత నవ్వినా మెడ మర్చిపోదు. వాదించి లాభం లేదనుకుని దారి మార్చాడు.

"నిజమే బావా, నాది మట్టి బుర్ర. ఇంత గొప్ప సరుకును నేను ముట్టుకుంటే పాడవుద్దేమో. మొదటి పట్టు నువ్వే పట్టి చూపించు. నీలాంటి తెలిసినోడు సీట్లో కూర్చుంటే ఆ అందమే వేరు."

నక్క ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ట్రాక్టరు ఎక్కడం అతనికి జన్మలో అదే మొదలు, కానీ ఆ మాట ఎలా ఒప్పుకుంటాడు? మైలోడు తాపీగా బకెట్టు ఊడదీసి, దాని చోట పంజాను పెట్టి పిన్నులు దించి, నూనె గొట్టాలు తగిలించి, ఏ పిడితో పంజా మూసుకుంటుందో, ఏ పిడితో లేస్తుందో చూపించాడు. దించే సంగతి నక్క అడగలేదు, ఎద్దు చెప్పలేదు.

"అదిగో, ఆ పెద్ద మాను పట్టు బావా."

పంజా పెద్ద తుమ్మమానును కరకరమని కరిచింది. పరంజ్యోతి "భేష్!" అని కూశాడు. నక్క మీసం దువ్వుకుని పిడి లాగాడు. మాను జానెడు లేచింది. దానితోపాటు ట్రాక్టరు వెనక చక్రాలు కూడా నేల వదిలి లేచాయి. నాగభూషణం సీట్లోంచి జారి, స్టీరింగును కౌగిలించుకుని, తోక పైకీ మూతి కిందికీ పెట్టి వేలాడాడు.

"ఓరి నాయనో! దించండ్రా! ఏ పిడి? ఏ పిడి నొక్కాలి?"

"చెప్తాను బావా" అన్నాడు మైలోడు, నెమరు వేస్తూ. "కంగారు పడి ఏదిపడితే అది లాగమాక. ముందు ఆ పంజా బరువెంతో చెప్పు."

"ఇప్పుడా!"

"నాకేం తొందర లేదు. నువ్వు తీరిగ్గానే చెప్పు."

ట్రాక్టరు ముందుకు ఇంకొంచెం ఊగింది. "మూడు! మూడు క్వింటాళ్లు!" అని అరిచాడు నక్క.

"మన లోడరు ఎంత ఎత్తుద్ది?"

"నాలుగు! తెలుసు, నాకు తెలుసు, నాలుగే!"

చుక్కమ్మ గిట్టలతో లెక్క వేసింది. "అంటే కంప ఎత్తడానికి మిగిలేది ఒక్క క్వింటాలేనా? మిగతాదంతా పంజాను మొయ్యడానికేనా?"

"చిన్న ట్రాక్టరుకు సరిపోయేది నీ దగ్గర లేదా బావా?"

"ఉంది! కొట్టు వెనక, గోనెసంచుల కింద! క్వింటా కూడా ఉండదు. దాన్ని చూపిస్తే సగం చెరకు ఎవరిస్తారు?" అన్నాక గానీ ఏమన్నాడో నక్కకు తెలిసిరాలేదు.

"ఎడమ చేతి పిడి, మెల్లగా ముందుకు తొయ్" అన్నాడు మైలోడు. మాను నేల తాకింది, చక్రాలు దిగాయి, నక్క కూడా దిగాడు. దొడ్డంతా పడీపడీ నవ్వింది. నేను మొదటినుంచీ అనుమానిస్తూనే ఉన్నానన్నాడు పరంజ్యోతి. ఎవరూ కాదనలేదు, పెద్దమనిషి కదా.

రెండు మోపుల చెరకుకు బేరం కుదిరింది, అక్కడికక్కడే కొట్టి ఇచ్చారు. గాడిదలు చిన్న పంజాను ఉల్లాసంగా మోసుకొచ్చాయి. మైలోడు ట్రాక్టరు వెనక ఒక పెట్టె కట్టి రాళ్లు నింపాడు.

"అదెందుకు మైలన్నా?" అంది చుక్కమ్మ.

"బండిలో బరువంతా ముందుకేస్తే నా మెడ విరిగేది. వెనక్కేస్తే కాడి లేచి గొంతు బిగిసేది. దీని బాధా అంతే. నాకైతే అంబా అని మొత్తుకోడానికి నోరుంది, దీనికి లేదు."

ఆ మర్నాడంతా కొమ్మ కొమ్మా, కంప కంపా కాలువలోంచి లేచి గట్టు మీద పడ్డాయి. ఆఖరి మోడు సాయంత్రానికి కదిలింది. తెల్లారి వంతు నీళ్లు గలగలమంటూ వచ్చి గడ్డి మడి ఎక్కాయి. మైలోడు మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఎవరేమనుకుంటారో అనుకోకుండా, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

నాగభూషణం మాత్రం ఇంకా దొడ్డిలోనే ఉన్నాడు. ఆ పెద్ద పంజాను మళ్లీ లాగడం మా వల్ల కాదని గాడిదలు ముందే ఇంటిదారి పట్టాయి.

"మైలన్నా, దీన్ని వాగవతల దించి పెట్టవా?"

"అట్టాగే బావా. నీళ్ల వంతు అయిపోనీ, వదిలి ఎట్టా వచ్చేది?"

వంతు రెండు రోజులు నడిచింది. సరుకు వదిలి వెళ్లడానికి నక్కకు మనసొప్పలేదు. పంజా మీద కూర్చుని ఆకలేసినప్పుడల్లా బేరంలో వచ్చిన చెరకులోంచి ఒక గడ నమిలాడు. మైలోడు ట్రాక్టరు తెచ్చేసరికి రెండు మోపులూ పిప్పయిపోయాయి. నాగభూషణం ఏ సరుకుతో బయల్దేరాడో అదే సరుకుతో, వట్టి చేతులతో ఇల్లు చేరాడు.

నీతి: పనిముట్టు కొనేముందు అది ఎంత ఎత్తగలదని కాదు, దాన్ని మన బండి ఎత్తగలదా అని అడగాలి.