గోడ దాటిన పుప్పొడి

ఏమర్రా, గుమ్మడి పాదుకు మగ పూలు, ఆడ పూలు వేరువేరుగా పూస్తాయి కదా, కాయ ఎలా నిలుస్తుందో చెప్పగలరా? మగ పువ్వు పుప్పొడి ఆడ పువ్వుకు అందాలి. ఇది గుర్తుపెట్టుకుని వినండి.

పూర్వం ఒక కోట తోటలో గుమ్మడికాయ బండి చక్రమంత కాసేది, రుచి మాత్రం చప్పన. గోడ అవతల నూకాలు అనే ఆవిడ పెరట్లో చెంబంతే కాసేది, కానీ భలే తీపి. తోటవాళ్లు పారేసిన మగ పువ్వొకటి తెచ్చి నూకాలు తన పాదులో ఆడ పువ్వుకు అద్దింది. ఆ కాయ గింజలు నాటి, ఏటేటా మంచివాటినే ఏరుకుంటూ పోతే, పెద్దవీ తియ్యనివీ కాశాయి. ఊరంతా ఆ విత్తనాల కోసం చేతులు చాచింది.

తోట అధికారి ఊరుకున్నాడా? ఆమెను రాజు ముందు నిలబెట్టాడు. "పుప్పొడి మనది ప్రభూ! కాబట్టి కాయలూ విత్తనాలూ మనవే."

"అలాగే బాబూ," అంది నూకాలు. "మరి మా పెరళ్ల పుప్పొడిని తేనెటీగలు రోజూ గోడ దాటించి మీ పూలకు అద్దుతున్నాయి. ఆ లెక్కన మీ తోటలో కాయలన్నీ మావే. బండి తోలుకు రమ్మంటారా?"

రాజు పకపకా నవ్వాడు. "విత్తనం నీదే తల్లీ, పో!"

నూకాలు పోలేదు. కొంగుముడి విప్పి దోసెడు గింజలు రాజు చేతిలో పోసింది. "మీ పువ్వు చలవే కదయ్యా ఇది! మీకు పెట్టకుండా మేం తింటామా?"

సరే, మన బీరపూలు ఈపాటికి అన్నీ విచ్చుకుని ఉంటాయి. ఈమధ్య తేనెటీగలు రావడం లేదు, ఇందాక విచ్చిన సగం పూలకే పుప్పొడి అద్ది వచ్చాను. ఇన్నాళ్లూ అవి మనకు చేసిపెట్టిన పని, మిగతా సగం నేను చేసొస్తాను.