తాడు ముందు ఆగిన బోనం

మాణిక్యమ్మను ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పదు. ఆమె రాసే కథలూ అంతే, చివరికొచ్చేసరికి మన ప్రశ్న మన ఒళ్ళోనే పెట్టి లేచిపోతాయి. మగపిల్లాడని పెంచిన ఇంటిని వదిలి ఆడమనిషిగా బతికింది, ఆ బతుకునే కథలుగా రాసింది. ఆమెలాగే ఇళ్ళు వదిలి వచ్చిన కొందరం ఆమె దగ్గర శిష్యురాళ్ళుగా ఉంటున్నాం. అందరం అమ్మా అనే పిలుస్తాం.

మాలో స్వరూప రాసిన తొలి కథను ఒక పత్రిక తీసుకుంది. కానీ సంపాదకుడు ఫోన్ చేసి, ఆధార్ కార్డు మీద ఉన్న మగపేరుతోనే వేస్తామనీ, అది ఇష్టం లేకపోతే కథ వెనక్కి పంపుతామనీ చెప్పాడు. సోమవారం లోపల ఏదో ఒక మాట చెప్పాలి. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ అమ్మ ముందు కూర్చుంది.

"చట్టం మనల్ని ఒప్పుకున్నదంటరు. కొత్త కార్డేమో వస్తలేదు. అది వచ్చేదాంక నేనెవరినమ్మా? కథ కింద ఏ పేరు పెట్టాలె?"

అమ్మ బోనాల పండక్కి కొత్త కుండకు పసుపు రాస్తోంది. తలెత్తలేదు.

"రేపు బోనం నువ్వెత్తు బిడ్డా" అంది.

ఆషాఢ మాసపు ఆదివారం. సన్నటి తుంపర. వేపాకుల వాసనకే నాకు మనసు ఎటో తేలిపోతుంది. ఆడవాళ్ళ నెత్తిమీద కుండలు, కుండల మీద దీపాలు, వీధంతా మెల్లగా కదిలే వెలుగు. ఒకసారి ఎత్తిన బోనాన్ని అమ్మవారి ముందే దించాలి, మధ్యలో దించకూడదు. దీపం కొండెక్కకూడదు. స్వరూప మా అందరికంటే నిటారుగా నడిచింది.

గుడి దగ్గర రెండు లైన్లు. ఆడవాళ్ళ లైను ముందు ఐలేశు అనే కమిటీ మనిషి తాడు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆగు. కార్డుల ఆడమనిషని ఉన్నదా?"

"ఇంకా రాలేదన్నా."

"అయితే మొగోళ్ళ లైన్లకు పో."

అటువైపు నుంచి ఎవడో అరిచాడు. "రా తమ్మీ, జల్ది రా! వానకు కాటుక కారిపోతది!"

నవ్వులు. ఐలేశు చెడ్డవాడేం కాదు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మీవాళ్ళు పూనకంతోని వస్తే నేనే కాళ్ళు మొక్కుత. జర ఊగుకుంట రా, తాడు తీస్త."

నేను అమ్మ వైపు చూశాను. ఆమె వెనకాల పాన్ నములుతూ ఎవరో పరాయి మనిషిలా నిలబడి ఉంది.

స్వరూప తల కదల్చకుండా అంది.

"పూనకం రాలేదన్నా. నేనే వచ్చిన."

ఊగలేదు. పక్కకు జరగలేదు. కుండ దించలేదు. ఒక అరచేయి దీపానికి అడ్డం పెట్టి నిలబడింది. వెనక లైను పెరిగిపోయింది. ఆఖరికి ఆమె వెనకున్న ముసలామె బోనంతోనే గొంతెత్తింది.

"ఓ ఐలేశూ! ఆ పిల్ల నెత్తిమీదున్నది బోనమేనా?"

"బోనమే పెద్దమ్మా, కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు! మా దీపాలు కొండెక్కుతున్నయి, మెడలు ఇరుగుతున్నయి. తియ్ తాడు!"

లైనంతా ఒక్కసారి ముందుకు తోసుకొచ్చింది. ఐలేశు చేతిలోంచి తాడు జారిపోయింది. గుడి మెట్ల దగ్గర ఒకావిడ తన కొంగు స్వరూపకు తగలకుండా పక్కకు లాక్కుంది. స్వరూప అదీ చూసింది. చూసి, మెట్టెక్కింది. అమ్మవారి ముందు బోనం దించినప్పుడు దీపం చిన్నగా, నీలంగా, ఇంకా వెలుగుతూనే ఉంది.

ఇంటికి వస్తుంటే వాన పెరిగింది. స్వరూప మెడ నొక్కుకుంటూ మళ్ళీ అడిగింది.

"మరి కథ కింద పేరమ్మా?"

మా గల్లీ మలుపు తిరిగాక మాణిక్యమ్మ అంది.

"తాడు ముందర నిలవడ్డదెవరో, ఆమెను అడుగు."